ఓటరు పుస్తకం ఎవరి చేతిలో ఉంది?
అమెరికాలో ఒక పల్లె కౌంటీ నేర్పుతున్న పాఠం

2025 సెప్టెంబరులో అమెరికా కేంద్ర ప్రభుత్వ న్యాయశాఖ తన సొంత దేశంలోని కొన్ని రాష్ట్రాల మీదే కోర్టుకెక్కింది. మొదట ఓరెగాన్, మెయిన్ రాష్ట్రాలపైనా, కొద్ది రోజులకే కాలిఫోర్నియా, న్యూయార్క్, మిచిగన్, మిన్నెసోటా, న్యూహాంప్‌షైర్, పెన్సిల్వేనియాలపైనా కేసులు వేసింది. న్యాయశాఖ కోరిక ఒక్కటే. ఆ రాష్ట్రాల ఓటర్ల పూర్తి జాబితా తన చేతికి రావాలి. జాబితాలు సక్రమంగా ఉన్నాయో లేదో సరిచూడటానికేనని న్యాయశాఖ అంటోంది. ప్రజల సొంత వివరాలను, గుర్తింపు సంఖ్యలను అలా అప్పగించలేమని రాష్ట్రాలు అంటున్నాయి.

ఈ తగాదాలో ఎవరి వాదన నెగ్గుతుందన్నది కోర్టులు తేలుస్తాయి. మనం గమనించవలసింది మరొకటి ఉంది. న్యాయశాఖ తన వాదనకు ఆధారంగా చూపిన చట్టాలలో ఒకటి 1960 నాటి పౌరహక్కుల చట్టం. ఓటర్ల నమోదు పుస్తకాలను భద్రపరచాలని, కేంద్రం అడిగితే చూపించాలని ఆ చట్టం చెబుతుంది. అరవై ఏళ్లకు పైబడిన ఈ చట్టం ఎందుకు పుట్టింది? పేర్లు రాసుకునే ఒక పుస్తకం కోసం అంత పెద్ద దేశపు పార్లమెంటు చట్టం చేయవలసినంత అవసరం ఏమొచ్చింది? దీనికి జవాబు కావాలంటే అలబామా రాష్ట్రంలోని మేకన్ అనే చిన్న పల్లె కౌంటీకి వెళ్లాలి. కౌంటీ అంటే మన జిల్లా వంటిదే, కాకపోతే చాలా చిన్నది.

చదువుకున్న నల్లవారి ఊరు

మేకన్ కౌంటీ నల్లరేగడి నేలల ప్రాంతం. ఒకప్పుడు అక్కడ బానిసల చేత పత్తి పండించేవారు. బానిసత్వం రద్దయిన తరువాత కూడా జనాభాలో నల్లజాతి వారే ఎక్కువ. 1960 జనాభా లెక్కల ప్రకారం కౌంటీలో సుమారు 26,700 మంది ఉంటే, వారిలో నూటికి 80 మందికి పైగా నల్లవారే.

ఈ కౌంటీకి ముఖ్యపట్టణం టస్కీగీ. బుకర్ టి. వాషింగ్టన్ 1881లో విద్యాలయం స్థాపించింది ఇక్కడే. వేరుశనగ మీద పరిశోధనలు చేసిన జార్జ్ వాషింగ్టన్ కార్వర్ పేరు మన పాఠకులలో చాలామంది విని ఉంటారు. ఆయన పనిచేసిందీ ఇక్కడే. 1923లో మాజీ సైనికుల ఆస్పత్రి కూడా వచ్చింది. ఫలితంగా ప్రొఫెసర్లు, డాక్టర్లు, నర్సులు, కేంద్ర ప్రభుత్వోద్యోగులు అయిన నల్లవారు పెద్ద సంఖ్యలో ఉన్న ఊరు ఇది. అటువంటి చోటు దక్షిణాది పల్లెసీమలో మరొకటి దొరకడం కష్టం.

అయినా 1950లలో ఈ కౌంటీలో ఓటు వయసు వచ్చిన నల్లవారిలో పదిమందికి ఒక్కరికైనా ఓటు లేదు. తెల్లవారిలో మాత్రం దాదాపు అందరికీ ఉంది.

రాజ్యాంగం మాట ఒకటి, పుస్తకం మాట ఒకటి

రంగును బట్టి ఓటు నిరాకరించరాదని అమెరికా రాజ్యాంగానికి 15వ సవరణ 1870లోనే చెప్పింది. దానిని కాదనే ధైర్యం ఎవరికీ లేదు. అందుకని అలబామా పాలకులు 1901లో తమ రాష్ట్రానికి కొత్త రాజ్యాంగం రాసుకున్నారు. తెల్లవారి ఆధిపత్యాన్ని చట్టబద్ధంగా నిలబెట్టడమే తమ ఉద్దేశమని ఆ సభకు అధ్యక్షత వహించిన జాన్ నాక్స్ దాపరికం లేకుండానే ప్రకటించాడు. కానీ రాసిన నియమాలలో ఎక్కడా ‘నల్లవారు’ అన్న మాట కనిపించదు. ఓటు కావాలంటే చదవడం రాయడం రావాలి, లేదా ఇంత భూమి ఉండాలి, ఏటా ఒకటిన్నర డాలరు ఓటు పన్ను కట్టాలి, కట్టని ఏడాదుల బాకీ కూడా తీర్చాలి. ఇవన్నీ అందరికీ వర్తించే నియమాలలాగే కనిపిస్తాయి. పేద తెల్లవారు కూడా వీటివల్ల నష్టపోయారన్నది నిజమే.

ఫలితం ఏమిటంటే, నల్లరేగడి ప్రాంతంలోని 14 కౌంటీలలో 1900లో 79 వేలకు పైగా నల్ల ఓటర్లు ఉండగా, 1903 నాటికి వెయ్యి పైచిలుకు మాత్రమే మిగిలారు. తుపాకీ పేలలేదు. రక్తం చిందలేదు. మూడేళ్లలో 78 వేల పేర్లు పుస్తకంలోంచి మాయమయ్యాయి.

అసలు కిటుకు నియమాలలో కన్నా, వాటిని అమలుచేసే చేతిలో ఉంది. ప్రతి కౌంటీకి ముగ్గురు సభ్యుల నమోదు బోర్డు ఉండేది. వారిని నియమించేది రాష్ట్ర గవర్నరు, ఆడిటరు, వ్యవసాయ కమిషనరు. ఎవరికి చదువు వచ్చు, ఎవరికి రాదు అని తేల్చేది ఆ ముగ్గురే. వారు ఎవరినైనా కాదంటే, ఎందుకు కాదన్నారని అడిగే దిక్కు ఆచరణలో లేదు.

కోర్టు భవనంలో రెండు గదులు

టస్కీగీలో నమోదు ఎలా జరిగేదో తరువాతి విచారణలలో సాక్షులు చెప్పారు. నల్లవారికి ఒక గది, తెల్లవారికి మరో గది. నల్లవారిని ఒకసారి ఒకరిద్దరినే లోపలికి పిలిచేవారు. మిగిలినవారు గంటల తరబడి వరండాలో నిలబడాలి. సాయంత్రం కాగానే తలుపు మూసేవారు. నల్లవాని చేత రాజ్యాంగంలోని పొడవైన అధికరణాన్ని అక్షరం పొల్లుపోకుండా ఎత్తిరాయించేవారు. తెల్లవారికి అంత పని ఉండేది కాదు, పైగా దరఖాస్తు నింపడంలో అధికారులే సాయం చేసేవారు. నల్లవారు తమను ఎరుగుదునని చెప్పే ఓటరును సాక్షిగా తెచ్చుకోవాలి. తెల్లవారు అందుకు ఒప్పుకోరు. నల్ల ఓటర్లా, కొద్దిమందే. పరీక్ష అయ్యాక నెగ్గారో తప్పారో తెలిపే ఉత్తరం కూడా చాలామందికి వచ్చేది కాదు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. బోర్డు సభ్యులు రాజీనామా చేసేవారు. కొత్తవారిని నెలల తరబడి నియమించేవారు కాదు. బోర్డే లేకపోతే నమోదు ఎక్కడ? కాదన్న మాట కూడా ఎవరూ అననక్కర్లేదు.

విద్యాలయంలో పాఠాలు చెప్పే ఆచార్యుడు ‘చదువు రాదు’ అనిపించుకుని ఇంటికి వెళ్లవలసి వచ్చేది. నాలుగు తరగతులు చదివిన తెల్లవాడు ఓటరై బయటికి వచ్చేవాడు. టస్కీగీ విద్యాలయంలో సామాజిక శాస్త్రం బోధించిన చార్లెస్ గొమిలియన్ 1934లో మొదటిసారి దరఖాస్తు చేస్తే, ఆయన పేరు పుస్తకంలోకి ఎక్కింది 1939లో. ఆ అయిదేళ్లలో ఆయన చదువు పెరిగిందని కాదు, పట్టు వదలలేదని అర్థం.

బాధితులు రాసుకున్న మరో పుస్తకం

గొమిలియన్, ఆయన మిత్రులు టస్కీగీ సివిక్ అసోసియేషన్ అనే సంఘాన్ని నడిపారు. దానికి కార్యదర్శి విలియం మిచెల్. మాజీ సైనికుల ఆస్పత్రిలో ఉద్యోగి. ఈయన పెద్ద వక్త కాదు, ఊరేగింపుల మనిషి అసలే కాదు. ఆయన చేసిన పని చాలా చిన్నదిగా కనిపిస్తుంది. ఎవరు ఏ రోజున దరఖాస్తు పెట్టారు, ఎంతసేపు నిలబెట్టారు, ఏమి రాయమన్నారు, సమాధానం వచ్చిందా లేదా అనేది ఏళ్ల తరబడి ఓపికగా రాసి పెట్టుకున్నాడు.

ఆయనకు స్వానుభవమే గురువు. తనకు ఓటు నిరాకరించారని 1940లలో ఆయన కోర్టుకు వెళ్లాడు. కేసు నడుస్తుండగా అధికారులు ఒక పత్రం తెచ్చి, ‘ఈయన పేరు ఎప్పుడో నమోదైంది’ అన్నారు. ఓటు ఉన్న సంగతి ఓటరుకే చెప్పలేదన్నమాట! పుస్తకం ఒకరి చేతిలోనే ఉంటే ఎంత విడ్డూరమైనా జరుగుతుందని చెప్పడానికి ఇంతకన్నా వేరే ఉదాహరణ అక్కర్లేదు. అందుకే మిచెల్ రెండో పుస్తకం తెరిచాడు. సర్కారు పుస్తకం చెప్పని సంగతిని బాధితుల పుస్తకం చెప్పింది.

28 భుజాల పట్టణం

నల్ల ఓటర్లు కొద్దికొద్దిగా పెరుగుతుంటే పాలకులకు భయం పట్టుకుంది. 1957లో అలబామా శాసనసభ టస్కీగీ పట్టణ సరిహద్దులనే మార్చింది. అంతవరకు చదరంగా ఉన్న పట్టణం 28 భుజాల వింత ఆకారంగా మారింది. సుమారు 400 మంది నల్ల ఓటర్లలో నలుగురైదుగురు తప్ప అందరూ పట్టణం వెలుపల పడ్డారు. ఒక్క తెల్ల ఓటరు కూడా వెలుపల పడలేదు. విద్యాలయం కూడా సరిహద్దు అవతలికి పోయింది.

నల్లవారు పట్టణంలోని తెల్లవారి దుకాణాలలో సరుకులు కొనడం మానేశారు. గొమిలియన్ పేరుతోనే కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1960 నవంబరులో ఆ కోర్టు ఏకగ్రీవంగా వారి పక్షాన నిలిచింది. గీతలు గీయడం రాష్ట్రం హక్కే అయినా, ఆ గీత ఓటు హక్కును హరించడానికైతే చెల్లదని చెప్పింది.

‘పుస్తకాలు చూపించం’

ఇక అసలు కథకు వద్దాం. 1957లో ఏర్పడిన కేంద్ర పౌరహక్కుల కమిషన్ తన తొలి బహిరంగ విచారణను 1958 డిసెంబరులో అలబామా రాజధాని మాంట్‌గోమరీలో జరిపింది. టస్కీగీ నుంచి ఆచార్యులు, రైతులు వెళ్లి సాక్ష్యం చెప్పారు. మిచెల్ తన లెక్కలు ముందుంచాడు. అయితే సాక్షుల మాట ఎంత నిజమైనా అది ఒక పక్షం మాటే. నల్లవారి పత్రాలలో ఏ తప్పులున్నాయి, అవే తప్పులు తెల్లవారి పత్రాలలో ఉన్నాయా లేవా అన్నది తేలాలంటే నమోదు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూడాలి. అది తప్ప వేరే దారి లేదు.

పుస్తకాలు తెమ్మని కమిషన్ తాఖీదులు పంపింది. అధికారులు కాదన్నారు. సమీపంలోని బార్బర్, బులక్ కౌంటీల పుస్తకాలను అక్కడి న్యాయమూర్తి తన స్వాధీనంలోకి తీసుకుని, చూడటానికి వచ్చేవారిని జైల్లో పెడతానని బెదిరించాడు. ఆ న్యాయమూర్తి పేరు జార్జ్ వాలెస్. కేంద్ర న్యాయమూర్తి ఫ్రాంక్ జాన్సన్ గట్టిగా ఆదేశించడంతో, వాలెస్ ఆ పుస్తకాలను గ్రాండ్ జ్యూరీల చేతికి ఇచ్చి, వారి ద్వారా కమిషన్ వారికి చూపించాడు. బయట మాత్రం తాను తలవంచలేదని చెప్పుకున్నాడు. లొంగుబాటు చాటున, గొప్పలు వీధిలో! 1962లో ఆయనే రాష్ట్ర గవర్నరుగా ఎన్నికయ్యాడు.

మేకన్ కౌంటీలో మరో చిత్రం జరిగింది. కేంద్ర న్యాయశాఖ నమోదు అధికారుల మీద దావా వేసేసరికి వారు రాజీనామా చేసేశారు. ముద్దాయిలే లేరు కాబట్టి కేసు లేదన్నారు. రాష్ట్రం మీద వేద్దామంటే అందుకు చట్టంలో వీలు లేదని కింది కోర్టులు కొట్టివేశాయి.

1960 మే నెలలో వచ్చిన పౌరహక్కుల చట్టం ఈ రెండు తలుపులనూ తెరిచింది. అధికారులు తప్పుకున్నా రాష్ట్రాన్ని ముద్దాయిగా నిలబెట్టవచ్చునంది. కేంద్ర పదవుల ఎన్నికలకు సంబంధించిన నమోదు పత్రాలను 22 నెలలపాటు భద్రపరచాలని, వాటిని దాచినా చించినా శిక్ష తప్పదని, కేంద్ర అటార్నీ జనరల్ కోరితే చూపించాలని శాసించింది. కొద్ది రోజులకే సుప్రీంకోర్టు మేకన్ కేసును తిరిగి విచారణకు పంపింది.

పత్రాలే సాక్ష్యం చెప్పిన వేళ

న్యాయశాఖ వకీళ్లు దరఖాస్తులను ఒక్కొక్కటిగా పరిశీలించారు. తేలింది ఏమిటి? ఏ పొరపాటుకు నల్లవాని దరఖాస్తు తిరస్కరించారో, అలాంటి పొరపాట్లున్న తెల్లవారి దరఖాస్తులు అంగీకారం పొందాయి. అధికారులు తమ చేత్తో తామే తమకు వ్యతిరేకంగా సాక్ష్యం రాసి పెట్టుకున్నారు. ఎవరూ చూడరన్న ధీమాతో రాసిన పుస్తకం, చూసే రోజు వచ్చేసరికి వారి జులుంకు రుజువుగా మారింది.

1961 మార్చిలో న్యాయమూర్తి జాన్సన్ తీర్పు చెప్పాడు. 64 మంది నల్లవారి పేర్లను వెంటనే పుస్తకంలో చేర్చమన్నాడు. నీతులు చెప్పి ఊరుకోలేదు. నమోదు ఏ రోజుల్లో జరగాలి, ఒకేసారి ఎంతమందిని తీసుకోవాలి, ఎన్నాళ్లలో ఫలితం తెలపాలి అన్నీ లెక్క కట్టి ఆదేశించాడు. నెలనెలా కోర్టుకు నివేదిక ఇమ్మన్నాడు. మూడేళ్లు తిరిగేసరికి, 1964లో టస్కీగీ పట్టణ పాలక మండలికి నల్లవారు ఎన్నికయ్యారు. 1966లో లూషస్ అమర్సన్ అనే నల్లవాడు కౌంటీ షెరీఫ్‌గా, అంటే పోలీసు పెద్దగా గెలిచాడు.

ఈ విజయం ఊరికే వచ్చిందని అనుకోరాదు. 1966 జనవరి 3న టస్కీగీ విద్యార్థి, నౌకాదళంలో పనిచేసి వచ్చిన 21 ఏళ్ల శామీ యంగ్, జనం చేత ఓటు నమోదు చేయించే పనిలో పగలంతా గడిపాడు. ఆ రాత్రి ఒక పెట్రోలు బంకులో తెల్లవారి మరుగుదొడ్డి వాడబోయిన గొడవలో కాల్పులకు బలయ్యాడు. కాల్చినవాడిని తెల్లవారే ఉన్న జ్యూరీ నిర్దోషిగా వదిలేసింది. పుస్తకం మారినంత మాత్రాన మనసులు మారవు.

ఇంకో సంగతి. మేకన్‌లో చదువుకున్న వారు, ఓపిక ఉన్నవారు, లెక్కలు రాసుకున్నవారు ఉన్నారు. అదే రాష్ట్రంలో, మాంట్‌గోమరీకి అవతల ఉన్న లౌండ్స్ కౌంటీలో నల్లవారు నూటికి 80 మంది అయినా, 1965 మొదట్లో వారిలో ఒక్కరి పేరు కూడా ఓటరు పుస్తకంలో లేదు. కౌంటీ తరువాత కౌంటీ కోర్టుకు పోతే ఇది తెగే వ్యవహారం కాదని అర్థమయ్యే, 1965 ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టం వచ్చింది. అక్షరాస్యత పరీక్షలను అది అక్కడ ఆపేసింది. నమోదుకు కేంద్రమే మనుషులను పంపింది. ఇటువంటి చరిత్ర ఉన్న ప్రాంతాలు ఎన్నికల నియమాలు మార్చాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలంది.

నేటి పరిస్థితి

ఆ ముందస్తు అనుమతి 2013 జూన్ దాకా సాగింది. అలబామాలోని షెల్బీ కౌంటీ వేసిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఏ ప్రాంతాలకు ఈ నియమం వర్తించాలో నిర్ణయించే సూత్రం పాతబడిందంటూ 5-4 తేడాతో దాన్ని కొట్టివేసింది. మరుసటి ఏడాది అలబామాలో ఫొటో గుర్తింపు నిబంధన అమలుకు వచ్చింది. 2015లో డబ్బు లేదంటూ రాష్ట్రం 31 డ్రైవింగ్ లైసెన్సు కార్యాలయాలు మూయడానికి పూనుకుంది. ఆ గుర్తింపుగా చెల్లే డ్రైవింగ్ లైసెన్సులు ఇచ్చేది అవే. నల్లరేగడి కౌంటీలకే దెబ్బ ఎక్కువని గగ్గోలు పుట్టడంతో కొన్నింటిని నెలకు ఒక రోజైనా తెరుస్తామని చెప్పింది. ఈ నిబంధనలలోనూ రంగు మాట లేదు. 1901 నియమాలలోనూ లేదు కదా!

అలాగని రెండు కాలాలూ ఒకటేనని చెప్పడం సరికాదు. 2023లో అదే సుప్రీంకోర్టు, అలబామా నియోజకవర్గాల పటం నల్ల ఓటర్లకు అన్యాయం చేసిందని తీర్పు చెప్పింది. పటం మారింది. వరండాలో నిలబడిన ఆ తాతల మనవలు ఇప్పుడు ఓటర్లు. కానీ కలం పట్టినవాడు ఎవరు, ఆ పుస్తకాన్ని ఎవరు ఎందుకు చూడవచ్చు అన్న ప్రశ్న మాత్రం పాతబడలేదు. 1960 చట్టం, దాచిన పుస్తకాన్ని వెలికితీసి లేని పేర్లు చేర్చడానికి పుట్టింది. ఇప్పుడు అదే చట్టం కోట్లాది ఓటర్ల వివరాలను ఒకచోట పోగుచేయడానికి సాధనమవుతోంది. దానిని వాడేది చేర్చడానికా, తీసివేయడానికా అన్నదానిపైనే దాని మంచిచెడులు ఆధారపడి ఉంటాయి.

మనం ఆలోచించవలసినది

టస్కీగీ ఆచార్యులకు చదువు రాదన్న ఆ రోజుల్లోనే, మన దేశంలో నూటికి 80 మందికి పైగా అక్షరాలు రానివారే అయినా, ఏ పరీక్షా లేకుండా 1951-52 ఎన్నికలలో గుర్తులు చూసి ఓటు వేశారు. ఇది మనం గర్వించవలసిన సంగతి. కానీ అప్పుడే సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితా నుంచి పోయాయి. తమ పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని రాయించడమే కారణం. అక్కడ ద్వేషం లేదు, అలవాటు ఉంది. నష్టం మాత్రం నష్టమే.

ఓటు పోలింగు రోజున పోదు. దానికి ఎన్నో నెలల ముందు, ఎవరూ పట్టించుకోని ఒక గదిలో, ఒక కాగితం మీద పోతుంది. అందుకే జాబితా ముసాయిదా వెలువడినప్పుడు మన ఇంట్లోని ఆడవారి పేర్లు, పెద్దల పేర్లు, 18 నిండిన పిల్లల పేర్లు ఉన్నాయో లేదో మనమే చూసుకోవాలి. పక్కింటివారి పేరు లేకపోతే వారికి చెప్పాలి. దరఖాస్తు ఇస్తే రసీదు తీసుకోవాలి, తేదీ రాసి దాచుకోవాలి. విలియం మిచెల్ చేసింది ఇదే. ఆయన దగ్గర అధికారం లేదు, ధనం లేదు. ఉన్నదల్లా ఒక పుస్తకం, దాన్ని ఏళ్ల తరబడి నింపిన ఓపిక.